గోధుమ ముట్టని కంచం

చిత్తూరు,
9-3-1981

అక్కా,

కుశల ప్రశ్నలు చివర్లో వేస్తాను. ముందు నువ్వు వెతుక్కునే మాట రాసేస్తున్నా, పద్దుకు ప్రాణభయం లేదు. నిన్న సాయంత్రమే వేలూరు నుంచి బస్సు దిగాం.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ దాని చేతిలోంచి రక్తం తీయని రోజు లేదు. చివరికి దారం కట్టిన చిన్న గుళిక ఒకటి మింగించి, పేగు లోపలి నుంచి గోరంత ముక్క తెచ్చి అద్దాల కింద పెట్టి చూశారు. అంతా అయ్యాక పెద్ద డాక్టరు గారు మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు. జబ్బు పేరు సీలియాక్ అట. గోధుమ దీని పేగుకు పడదు. గోధుమలో ఉండే బంక పేగు లోపలి పొరను అరగదీసేస్తుంది, ఇక ఎంత తిన్నా వంటికి పట్టదు. పదేళ్ళ పిల్ల ఆరేళ్ళదానిలా ఉండడం, ఆ ఉబ్బిన కడుపు, తెల్లగా పాలిపోయిన ముఖం, కాళ్ళ నొప్పులని రాత్రంతా ఏడవడం, అన్నీ దానివల్లేనట.

మందేమిటని అడిగితే, గోధుమ మానడమే మందు అన్నారు. ఎన్నాళ్ళు అంటే, బతికినన్నాళ్ళు అన్నారు. బార్లీ కూడా కూడదు. జీడిపప్పు సంగతి వేరట, అది ఎలర్జీ. ఒక్క పలుకు నోట్లో పడితే పెదవులు వాచి ఊపిరాడదు, అది మనం కళ్ళారా చూసిందే. గోధుమ అట్లా పైకి కనబడదు, చాటుగా నెలల తరబడి పని చేస్తుంది. పేగు కుదుటపడేదాకా పాలు కూడా ఆపమన్నారు.

మీ మరిది డాక్టరుతో వాదనకు దిగారు. "మా ఇండ్లల్లో గోధుమలు తినేటోళ్ళు యాడుండారు సార్? అన్నం మెతుకు మీద బతికేటోళ్ళం. ఉత్తరాదోళ్ళ జబ్బు మా పిల్లకెట్లొచ్చినాది?" అని. కోర్టులో రోజూ ప్లీడర్లను వినే గుమాస్తా కదా, ఊరుకోలేరు.

 గోధుమలు ఎక్కడున్నాయో నాకు తెలుసు. బడిలో పిల్లలకు పెట్టే గోధుమ రవ్వ ఉప్మా, టీచరమ్మ కూతురని రెండు గరిటెలు ఎక్కువ పెట్టించింది నేనే. చిక్కిపోతోందని బిస్కెట్లు, బ్రెడ్డు, డబ్బాలో మాల్టు పొడి, రాత్రికి చపాతీ. అది ఎంత చిక్కితే అంత పెట్టాను. వద్దమ్మా అని ఏడిస్తే చెవి మెలిపెట్టి మరీ తినిపించాను. నా చేతులతోనే అక్కా.

బావగారికి నమస్కారాలు. నీ నోటిపూత తగ్గిందా?

దిగులుతో,
కల్యాణి


తిరుపతి,
14-3-1981

కల్యాణీ,

ముందు నీకు చీవాట్లు. చిక్కిన పిల్లకు ఏ తల్లయినా తిండి పెట్టక ఏం చేస్తుంది? విషమని తెలిసి పెట్టావా? ఏడుపు ఆపి ముక్కు తుడుచుకో. నీ ఉత్తరం మీ బావ రెండుసార్లు చదివించుకుని విన్నారు. విని ఏమీ అనలేదు. దేవనాథన్ గారు ఎప్పుడు ఏమన్నారు గనక!

గోధుమ పడని కడుపు ఒకటి ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు సుమా. నా సంగతి నీకు తెలుసు కదా. మొదటిది నిలవకుండా పోయినప్పుడు, బిడ్డ చేతికొచ్చేదాకా రాత్రిపూట అన్నం ముట్టనని కొండ మీది స్వామికి మొక్కుకున్నాను. అప్పటినుంచీ రాత్రయితే గోధుమ రొట్టె, శనివారాలూ ఏకాదశులూ రెండు పూటలా గోధుమ ఉప్మా. ఆ తర్వాత ఇంకో మూడు పోయాయి. మొక్కు ఒక్కటే నిలిచింది. నలభై రెండేళ్ళు వచ్చాక ఇంకా బిడ్డేమిటని మా పక్కింటి తిరుమలమ్మ మూతి తిప్పుతుంది. తిప్పనీ. స్వామికి ఇచ్చిన మాట వయసు చూసి వెనక్కి తీసుకుంటామా?

నా కడుపూ బంగారం కాదులే. చిన్నప్పటి నుంచీ ఏది తిన్నా ఉబ్బరమే, నెలలో సగం రోజులు చెంబు పట్టుకుని పరుగే. నోటిపూత తగ్గింది, మళ్ళీ వచ్చింది. నా గోల వదిలెయ్.

అసలు మాట ఇది. పద్దును నా దగ్గరికి పంపు. నువ్వు బడికి పోతావు, చంకలో చిన్నవాడు, మీ అత్తగారేమో "ఒక్క బిస్కట్టుకు ఏమయితాది" అనే రకం. నాకు పొద్దస్తమానం పనేముంది చెప్పు. జూన్‌లో ఇక్కడే బడిలో వేద్దాం. ఇది నీకు సాయం అనుకుంటున్నావేమో, కాదు. నాకే కావాలి. ఈ ఇంట్లో ఒక పిల్ల కంచం ముందు కూర్చుంటే చూడాలని ఉంది. దాని తిండి మీద ఈగ వాలనివ్వను.

నీ మరిదికి, అదే నా మరిదికి, వాదనలు కట్టిపెట్టమని చెప్పు.

ఆశీస్సులతో,
అమ్ములక్క


చిత్తూరు,
6-5-1981

అక్కా,

మామిడికాయల లారీలతో ఊరంతా పుల్లటి వాసన. పద్దుకు బుగ్గలొచ్చాయంటే నమ్ముతావా? కడుపు ఉబ్బు పోయింది. నిన్న వీధిలో తొక్కుడు బిళ్ళ ఆడుతూ ఎగిరింది, నేను గడపలో నిలబడి ఏడ్చాను.

ఇన్నాళ్ళూ పథ్యమే. మెత్తటి అన్నం, నెయ్యి, ఉప్పు వేసి ఉడికించిన సొరకాయ, అరటిపండు. కారం లేదు, పోపు లేదు. "అమ్మా, నేనింకా ఆసుపత్రిలోనే ఉండానా?" అని అడుగుతుంది. ఇక మెల్లగా అందరిలాగే తిననివ్వమని డాక్టరు గారు చెప్పారు. గోధుమ, బార్లీ, జీడిపప్పు తప్ప.

నీ దగ్గరికి పంపడానికి మొదట మనసొప్పలేదు. కానీ మొన్న బడినుంచి వచ్చేసరికి మా అత్తగారు పిల్ల చేతిలో బిస్కట్టు పెడుతున్నారు. లాక్కున్నాను. అప్పటినుంచి మా మధ్య మాటల్లేవు. ఇక్కడ ఉంచితే ఎప్పుడో ఒకరోజు నేను లేనప్పుడు పని జరిగిపోతుంది. అందుకే పంపుతున్నా.

ఒక్క రవ్వ కూడా కూడదక్కా. గోధుమ పిండి జల్లించిన జల్లెడతో బియ్యప్పిండి జల్లించకు. నీ రొట్టె పెనం మీద దానికి దోసె పొయ్యకు. నీకు చెప్పాల్సిన పని లేదు, అయినా చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. నీ దగ్గరైతే నాకు భయం లేదు.

నీ కల్యాణి


తిరుపతి,
2-7-1981

టీచరమ్మ గారికి పరీక్ష రాస్తున్నాను, మార్కులు మీరే వెయ్యండి.

జల్లెడ గురించి, పెనం గురించి నాకు పాఠం చెప్పావు. గోధుమను మైల అనుకోమని నాకు నేనే చెప్పుకున్నానే! మడి కట్టడం మన ఇళ్ళలో ఎవరైనా నేర్పాలా? నా రొట్టెలు ఇప్పుడు పెరట్లో కుంపటి మీద. నా కంచం, నా పెనం, పిండి డబ్బా, అన్నీ పెరటి అరుగు మీదే. పిండి ముట్టుకున్నానంటే నీళ్ళు పోసుకుని, చీర మార్చుకుని గానీ వంటింట్లో కాలు పెట్టను. మీ బావ ఆశకొద్దీ నా రొట్టె ముక్క తుంచుకుంటే ఆయనకూ అదే శిక్ష, స్నానం చేస్తే గానీ పిల్ల పక్కన కూర్చోనివ్వను. తిరుమలమ్మ బుగ్గలు నొక్కుకుని, "మడి ఆచారం సూసినాం గానీ గోధుమలకు మడి కట్టేది యాడా సూడలేదమ్మా" అంది. ఇప్పుడు చూడు అన్నాను.

ఆవిడతో పెద్ద గొడవే అయింది. కొండ మీది నుంచి లడ్డు తెచ్చి, నేను వద్దంటున్నా వినకుండా, "స్వామి ప్రసాదం వద్దంటే కండ్లు పోతాయి" అంటూ పిల్ల నోట్లో కుక్కింది. జీడిపప్పు! నేను వేలు పెట్టి మొత్తం బయటికి లాగి, నా చెంగులోకే ఉమ్మించి, నోరు కడిగించాను. పైపెదవి కాస్త దద్దురెక్కింది, అంతే, గండం గడిచింది. ప్రసాదాన్ని ఉమ్మించానని తిరుమలమ్మ వీధంతా దండోరా వేసింది. స్వామికి కోపమొస్తే నా మీద రానీ అన్నాను. చెంగు కడుక్కునే ముందు కళ్ళకద్దుకున్నాను, భయం లేక కాదు.

పథ్యం తిని తిని నీ కూతురి నాలుక చచ్చిపోయింది. మొదటి రోజు నా చారు తాగి, "పెద్దమ్మా, ఇంకో గ్లాసు" అంది. అప్పటినుంచీ రెండు పూటలా చారు ఉండాల్సిందే. ఉల్లి వెల్లుల్లి లేని వంటకు ప్రాణం ఇంగువే కదా, కాస్త ఎక్కువే తగిలిస్తున్నాను. పులిహోర అంటే కూడా ప్రాణం. ఏకాదశి నాడు కూడా నా పక్కనే పీట వేసుకుని కూర్చుంటుంది, ఎంత చెప్పినా వినదు.

పొద్దున పద్యాలు వల్లె వేస్తుంది, తప్పులు చదువుతుంది, నేను దిద్దలేను. ఇంట్లో ఒకరున్నారని రోజంతా తెలుస్తూ ఉంటుంది కల్యాణీ. మీ బావ ఆఫీసు నుంచి తిన్నగా ఇంటికొస్తున్నారు. ఇదివరకు గోవిందరాజస్వామి గుడి ముందు కూర్చుని చీకటి పడ్డాక వచ్చేవారు.

నాకు రక్తం తక్కువని ఇక్కడి డాక్టరు మళ్ళీ మాత్రలు రాశాడు. మామూలే.

పాసయ్యానో లేదో రాయి.
అమ్ములక్క


చిత్తూరు,
20-8-1981

అక్కా,

కార్డు మీదే రాస్తున్నా, బడికి టైమైంది. వ్రతానికి మీ ఇంటికి వచ్చినప్పుడు పద్దు ముఖం నాకు నచ్చలేదు. బుగ్గలు జారాయి. కడుపు మళ్ళీ ముందుకొచ్చినట్టుంది. నీ ముందు అడగలేక వచ్చేశాను. పొరపాటున ఏమైనా తినడం జరిగిందా? కోపం తెచ్చుకోకుండా జవాబు రాయి.

కల్యాణి


తిరుపతి,
26-8-1981

కల్యాణీ,

కోపం తెచ్చుకోవద్దని రాస్తే కోపం రాకుండా ఉంటుందా? పొరపాటు ఏమీ జరగలేదు. గోధుమ గింజ ఈ ఇంటి గడప దాటి లోపలికి రాలేదు.

కడుపు చెడిన మాట నిజమే. కొన్నాళ్ళుగా విరేచనాలు. వానాకాలం నీళ్ళు అనుకున్నాను. నీకు రాస్తే బడి మానేసి బస్సెక్కుతావని రాయలేదు, అది నా తప్పే. ఇప్పుడు వైద్యం చేస్తున్నానులే. కడుపుబ్బరానికి మా అత్తగారు చెప్పిన చిట్కా ఉంది కదా, వేడన్నంలో నెయ్యీ ఇంగువా కలిపి మొదటి ముద్ద, మధ్యాహ్నం మజ్జిగలో ఇంగువా ఉప్పూ. ముఖం చిట్లించకుండా తాగేస్తుంది పిచ్చి తల్లి. తగ్గిపోతుంది.

మీ బావ పద్దుకు గొడుగు కొనిచ్చారు. వాన లేకపోయినా వేసుకుని పోతోంది.

అమ్ములక్క


చిత్తూరు,
12-10-1981

అక్కకు,

నిన్న పద్దును బస్సెక్కించేటప్పుడు "దసరా సెలవులు కాగానే పంపిస్తావుగా" అని అడిగావు. బావగారి ముందు నోరు రాలేదు. పంపను.

దాన్ని ఎత్తుకుంటే ఏమీ బరువు లేదు. జుట్టు రాలుతోంది. మార్చిలో ఎట్లా ఉందో మళ్ళీ అట్లాగే ఉంది. ఎందుకో నాకు తెలుసు. మా వీధిలో పెళ్ళికి తిరుమలమ్మ గారు వచ్చారు. "ఏకాదశి దినం మీ అక్క కంచం నిండా ఉప్మా పెట్టి పిల్లకు తినిపిస్తా ఉంటే నా కండ్లతో చూసినాను. నాకు చెప్పే నీతులు ఆమెకు లేవా?" అన్నారు. లడ్డు గొడవ మనసులో పెట్టుకుని అంటున్నారేమో అనుకుని పద్దును అడిగాను. ఉప్మా తిన్నానని అదే ఒప్పుకుంది. జూలైలో నువ్వే రాశావు, ఏకాదశి నాడు నా పక్కనే పీట వేసుకుంటుందని. గోధుమ ఉప్మా తప్ప ఏకాదశికి నీ ఇంట్లో ఏం పొయ్యెక్కుతుందక్కా?

పెరట్లో కుంపటి, స్నానాలు, చీర మార్చడాలు, ఇవన్నీ ఎవరి కోసం చేశావు? పిల్ల ముద్దుగా అడిగిందని పెట్టి ఉంటావు. ముద్దు చెయ్యడం వేరు, పెంచడం వేరు. నీ కడుపున ఒకటి నిలిచి ఉంటే ఆ తేడా నీకు తెలిసేది, ఇంకొకరి బిడ్డ ప్రాణంతో ఇట్లా ఆడుకునేదానివి కాదు.

కల్యాణవల్లి


తిరుపతి,
17-10-1981

కల్యాణవల్లికి,

అది కొర్రల ఉప్మా. నేను ఉప్మా తింటుంటే అన్నం తిననని నీ కూతురు మారాం చేస్తే, కొర్రలు తెప్పించి, ఇంట్లోనే విసిరి, దానికి వేరే గిన్నెలో చేశాను. చూడటానికి రెండూ ఒకటే. పిల్లకు ఉప్మా అని పెట్టాను, అది ఉప్మా అని చెప్పింది. అడిగి ఉంటే చెప్పేదాన్ని.

నువ్వు రాసిన ఆ మిగతా మాట చదివి, ఉత్తరం మడిచి పెట్టె అడుగున పెట్టాను. మీ బావకు ఉత్తరం చూపించలేదు. పద్దు ఏదని రోజూ అడుగుతున్నారు, అమ్మ మీద బెంగ పెట్టుకుందని చెప్పాను.

దాని కంచం, బట్టలు, గొడుగు ఎవరైనా అటు వచ్చేటప్పుడు పంపుతాను. చారు లేకుండా ముద్ద మింగదు. గుర్తు పెట్టుకో.

అమృతవల్లి


చిత్తూరు,
21-2-1982

అక్కా,

ఈ ఉత్తరం ఎన్నిసార్లు మొదలుపెట్టి చించానో. నువ్వు చించకుండా చదివితే చాలు.

కొర్రలని నువ్వు రాసిన మాట నేను నమ్మలేదు. కప్పిపుచ్చుకుంటున్నావనుకున్నాను. పద్దును నా కళ్ళ ముందే పెట్టుకున్నాను. మా అత్తగారు మా ఆడబిడ్డ దగ్గరికి వెళ్ళారు, ఇంట్లో గోధుమ గింజ లేదు, బిస్కట్టు ముక్క లేదు. పథ్యం పెట్టబోతే కంచం తోసేసింది. పెద్దమ్మ చేసే చారు కావాలని ఒకటే ఏడుపు. సరే అని నీలాగే రెండు పూటలా చారు కాచాను. తిన్నది, ఇంకా చిక్కిపోయింది. జనవరిలో లేచి నిలబడలేని స్థితికి వచ్చింది. అప్పుడు మొదటిసారి నాకు అనుమానం వచ్చింది, ఇక్కడ అక్క లేదు కదా, మరి ఎవరు పెడుతున్నారని.

వేలూరులో డాక్టరు గారు పొద్దున లేచినప్పటినుంచి అది ఏం తింటుందో ఒక్కొక్కటే చెప్పమన్నారు. చారు దగ్గరికి వచ్చాను. చారులో ఏం వేస్తారన్నారు. మిరియాలు, జీలకర్ర, ఇంగువ అన్నాను. రాసేది ఆపి తలెత్తారు. "పెరుంగాయమా? ముద్ద ఇంగువా?" అని అడిగారు. అవునన్నాను. "అందులో మైదా కలపకుండా ఎవరమ్మా అమ్మేది? అసలు సరుకు ఆవగింజంత, మిగతాదంతా పిండీ జిగురూ. మీ ఇళ్ళలో ఉల్లి వెల్లుల్లి లేక ఇంగువ ఇంతింత వేస్తారన్న సంగతి నాకు తట్టలేదు. నేనే ముందు అడిగి ఉండాల్సింది" అని తన నుదురు తనే కొట్టుకున్నారు.

ఇంగువ మానేశాను. పిల్ల లేచి తిరుగుతోంది.

అక్కా, ఆ రోజు పద్దును అడిగినప్పుడు "ఉప్మా తిన్నానమ్మా, కానీ పెద్దమ్మ నాకు..." అని ఇంకేదో చెప్పబోయింది. నేను నోరు మూయించాను. మొన్న ఆసుపత్రిలో మళ్ళీ అడిగితే, "నాకు వేరే గిన్నెలో చేస్తాది, నువ్వు వినలేదు కదా" అంది. నేను వినలేదు. వినాలనుకోలేదు. నీకు రాసిన ఆ మాట రాసేటప్పుడే నీకు తగలాలనే రాశాను, పొరపాటున జారింది కాదు. నన్ను తిట్టు, కొట్టు, నోరు విప్పకుండా మాత్రం ఉండకు.

ఇంకొకటి. ఈ జబ్బు కుటుంబాల్లో నడుస్తుందట. ఇంట్లో ఎవరికైనా చిన్నప్పటి నుంచి కడుపు చెడడం, రక్తం పట్టకపోవడం, నోటిపూత ఉన్నాయా అని డాక్టరు గారు అడిగారు. ఆయన ఒక్కొక్కటే చెబుతుంటే నాకు నువ్వే కనబడ్డావు. బావగారిని తీసుకుని ఒక్కసారి వేలూరికి రా. కాళ్ళు పట్టుకుంటాను.

నీ చెల్లెలు
కల్యాణి


తిరుపతి,
3-3-1982

కల్యాణీ,

ఉత్తరం చించలేదు. పద్దు లేచి తిరుగుతోందన్న వాక్యం నాలుగుసార్లు చదివాను.

ఇంగువా! గోధుమలకు మడి కట్టి, నీళ్ళు పోసుకుని, చీర మార్చుకుని లోపలికి వెళ్తే, అది పోపులపెట్టెలో కూర్చుని ఉందన్నమాట. ఉబ్బరమని వేడన్నంలో కలిపి మొదటి ముద్ద పెట్టానే, ఆ ముద్దలు తల్చుకుంటే చెయ్యి నరుక్కోవాలనిపిస్తోంది. కాబట్టి నువ్వన్నది మొత్తం అబద్ధమేమీ కాదు. తెలియక పెట్టినా పెట్టింది నేనే. తిరుమలమ్మ చూసింది ఒకటి, నువ్వనుకున్నది ఒకటి, జరిగింది ఇంకొకటి, ముగ్గురికీ తలా కాస్త పాపం ఉంది.

ఆ మాట సంగతి అడగకు. మర్చిపోయానని రాస్తే అబద్ధమవుతుంది.

ఇక వేలూరు. నా మీద నింద వేశానన్న దిగులుతో ఇప్పుడు నాకొక జబ్బు అంటగట్టి, దానికి వైద్యం చేయించి నీ మనసు తేలిక చేసుకుందామనా? నాకేమీ లేదు. నా కడుపు ఇట్లాగే పుట్టింది, ఇట్లాగే పోతుంది. పైగా డాక్టరు రొట్టె మానమంటాడు. మరి నా మొక్కో? నీకు ఇద్దరు పిల్లలు, నీకు తెలియదు. ఆ నలుగురికీ పేరు లేదు, ముఖం లేదు, ఒక గుడ్డ పీలికయినా లేదు. వాళ్ళకోసమని నేను చేసే పని ఈ రొట్టె తినడం ఒక్కటే. అదీ మానేస్తే వాళ్ళకూ నాకూ సంబంధం ఏముంటుంది?

పద్దును ముద్దు పెట్టుకున్నానని చెప్పు.

అక్క


చిత్తూరు,
15-3-1982

అక్కా,

పోయిన ఉత్తరంలో డాక్టరు గారు అడిగినవన్నీ రాయలేదు. ఒకటి దాచాను. రాస్తే నువ్వేమవుతావోనని భయపడ్డాను. ఇప్పుడు రాయకపోతే నువ్వు ఈ రాత్రి కూడా రొట్టె తింటావు, అది ఇంకా భయం.

"ఇంట్లో ఆడవాళ్ళకెవరికైనా కడుపు నిలవకపోవడం ఉందా?" అని అడిగారు. ఉంది, మా అక్కకు అన్నాను. నాలుగుసార్లు అన్నాను. ఆవిడ ఏం తింటారని అడిగారు. నీ మొక్కు గురించి చెప్పాను. ఆయన కలం కింద పెట్టారు. తర్వాత, "అందరికీ అట్లా అవుతుందని కాదు. ఈ జబ్బుంటే వంటికి సత్తువ పట్టదు, కొందరికి బిడ్డ నిలవదు. ఆమెను తీసుకురండి" అన్నారు.

"నీ కడుపున ఒకటి నిలిచి ఉంటే" అని రాసింది నేను. అది ఎందుకు నిలవలేదో నీకు చెప్పాల్సి వచ్చిందీ నాకే. ఇంతకంటే పెద్ద శిక్ష నాకు ఎవరూ వెయ్యలేరు.

నీ మొక్కును నేను తప్పు పట్టడం లేదు. కానీ స్వామి నిన్ను గోధుమలు తినమని అడగలేదు కదక్కా. అన్నం మానతానని మాత్రమే నువ్వు మొక్కావు. కొర్రలు తిను, సామలు తిను, రాగులు తిను. మొక్కూ నిలుస్తుంది, నువ్వూ నిలుస్తావు.

జూన్‌లో పద్దును మళ్ళీ నీ దగ్గరికే పంపుతాను. మీ మరిది కూడా సరేనన్నారు. నీ ఇంట్లోనే పెరగనీ.

కల్యాణి


తిరుపతి,
2-6-1982

కల్యాణీ,

నీకు చెప్పకుండా వేలూరు వెళ్ళొచ్చాం. తెలిస్తే నువ్వు వచ్చి ఏడుస్తావు, నిన్ను ఓదార్చే ఓపిక నాకు లేకపోయింది.

నీ మార్చి ఉత్తరం మీ బావకు చూపించాను. దాంతోపాటు అక్టోబరుది కూడా. చూపించకుండా ఉండాల్సిందేమో. రెండూ చదివి, మడిచి నా చేతికిచ్చి, "పోదాం పద" అన్నారు. నీ గురించి ఒక్క మాట అనలేదు. అందుకని నువ్వు వచ్చినప్పుడు ఆయన లేచి లోపలికి వెళ్ళిపోతే ఏమీ అనుకోకు, కొన్నాళ్ళు పడుతుంది.

ఆ గుళిక మింగడం పద్దు ఎట్లా ఓర్చుకుందో, నాకైతే ప్రాణం పోయినంత పనైంది. నువ్వనుకున్నదే. అదే జబ్బు. పిల్లలు నిలవనిది దీనివల్లేనా అని నేనే అడిగాను. "ఇదేనని ఒట్టేసి చెప్పలేనమ్మా. కావచ్చు" అన్నాడు డాక్టరు. కాదంటాడేమోనని ఆయన ముఖం వైపే చూస్తూ కూర్చున్నాను. అనలేదు. ఇప్పుడు మానేస్తే పిల్లలు పుడతారా అని కూడా అడిగాను, సిగ్గు విడిచి. నా వయసు అడిగి తెలుసుకుని, రక్తం పడుతుంది, ఒంట్లో బలం వస్తుంది అని ఆ రెండే చెప్పాడు.

ఎన్ని పోయాయని అడిగి కాగితం మీద రాసుకున్నాడు. నాలుగన్నాను. పక్కనుంచి మీ బావ "అయిదు" అన్నారు. నేను తిరిగి చూశాను. డాక్టరు నాలుగు కొట్టేసి అయిదు వేశాడు.

బస్సులో అడిగాను, అయిదోది ఏదని. కిటికీ బయటికే చూస్తూ చెప్పారు. పెళ్ళయిన కొత్తలో పాకాలలో ఉన్నప్పుడట. నాకు రెండు నెలలు తప్పి, తర్వాత కడుపునొప్పని పడుకుని, లేచి తలకు పోసుకుని పనిలో పడ్డాను. ఆ వయసులో నాకు ఏం తెలుసు, ఆలస్యమైందనుకున్నాను. ఆయనకు తెలిసిందట. "నీకు తెలియంది చెప్పి ఏడిపించేదెందుకులే అనుకున్నాను" అన్నారు. ఇన్నేళ్ళూ ఆయన ఒక్కరే మోశారు దాన్ని. పేరు కూడా అనుకున్నారట. ఏం పేరని అడగాలని నోటిదాకా వచ్చింది, అడగలేకపోయాను. ఇంకా అడగలేదు.

పద్దును పంపుతానన్నావు. వద్దు. కోపంతో అనడం లేదు, నీ మీద ఒట్టు. నువ్వు నీ తప్పు దిద్దుకోవడానికి ఇచ్చే పిల్లను నేను పెంచలేను. అది కంచం ముందు కూర్చున్నప్పుడల్లా నువ్వు అక్కడ భయపడతావు, నేను ఇక్కడ గరిటె కడిగిందే కడుగుతాను. మనిద్దరి భయం మధ్య దానికి అన్నం ఎట్లా దిగుతుంది? నీ దగ్గరే పెరగనీ. దానంతట దానికి రావాలనిపిస్తే సెలవులకు రానీ. ఇంగువ లేని చారు కాచడం నేర్చుకున్నాను, బాగానే కుదురుతోంది.

కొర్రలు తిని మొక్కు నిలబెట్టుకోమని రాశావు. మంచి ఉపాయమే. వేలూరు నుంచి వచ్చాక కొన్నాళ్ళు అట్లాగే తిన్నాను కూడా. కానీ బిడ్డ చేతికొచ్చేదాకా అని కదా మొక్కాను. బిడ్డ రాదని నేను నోరు తెరిచి డాక్టరును అడిగి మరీ తెలుసుకున్నాక, ఆ మొక్కు ఎవరికోసం మొయ్యను? నిన్న సాయంత్రం స్వామి పటం ముందు నిలబడి, ఇక నావల్ల కాదని చెప్పేశాను.

రాత్రి అన్నం తిన్నాను. మీ బావే వడ్డించారు. వేడన్నం, నెయ్యి, కందిపప్పు. పెళ్ళయిన కొత్తలో తిన్నదే, రాత్రి పూట అన్నం ఎట్లా ఉంటుందో మర్చిపోయాను. మొదటి ముద్ద గొంతు దిగదేమో అనుకున్నాను. దిగింది. రెండోసారి అడిగి పెట్టించుకున్నాను. ఎంత రుచిగా ఉందో కల్యాణీ. అంత రుచిగా ఉండకపోతే బాగుండేది.

నీ అక్క
అమృతవల్లి